పాత్ర మాట, పాత్ర మనసు - 4వ పాఠం: గిరీశం అన్నంత మాత్రాన వాదం వీగిపోతుందా?

గత పాఠంలో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకంలోని గిరీశం వాదాన్ని పరిశీలించమని అడిగితే, చిక్కడపల్లి గ్రంథాలయంలో ఆదివారాలు కలిసి చదువుకునే మన మిత్రులతో సహా దాదాపు అందరూ ఒకే జవాబు రాశారు: గిరీశం మోసగాడు, బాలవితంతువు బుచ్చమ్మను లోబరచుకోవడానికే వితంతు వివాహం గురించి మాట్లాడాడు, కనుక అతని వాదం బూటకం. మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. ఆ ‘కనుక’ దగ్గరే చిక్కంతా ఉంది కాబట్టి, ఈసారి చెప్పదలచిన సంభాషణా శిల్పాన్ని వాయిదా వేస్తున్నాను.

వితంతువులకు మళ్లీ పెళ్లి చేయాలన్న వాదాన్నే వీరేశలింగం గారు వినిపించి, 1881లో రాజమహేంద్రవరంలో ఆ పెళ్లి జరిపించి చూపారు. ఆయన నోట న్యాయమైనది గిరీశం నోట అన్యాయం కాజాలదు. వక్త స్వభావం వాదానికి సాక్ష్యమూ కాదు, ఖండనా కాదు. మరి గిరీశాన్ని ఎక్కడ పట్టుకోవాలి? బాల్యవివాహాలు ఉంటేనే కదా బాలవితంతువులు ఉండేది, వారుంటేనే కదా సంస్కరణకు అవకాశం ఉండేది అని అతడే మరోచోట అంటాడు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెడితే, అతనికి సంస్కరణ కావలసింది వితంతువుల కోసం కాదని మన తిట్లతో పనిలేకుండానే తేలుతుంది.

నేను వాడే అడ్డదారి ఒకటుంది: మాట్లాడినవారి పేరు కొట్టేసి, వాదాన్ని మాత్రం సొంత వాక్యాల్లో కాగితం మీద రాసుకుంటాను. అది నిలుస్తుందో లేదో తేల్చిన తరువాతే పేరు తిరిగి చేరుస్తాను.

ఈ పద్ధతికి మహాభారతంలోని సభాపర్వం కంటే మంచి పరీక్ష నాకు తెలియదు. తనను తాను ఓడిపోయిన ధర్మరాజుకు ద్రౌపదిని పణం పెట్టే హక్కు లేదనీ, ఆమె అయిదుగురికీ భార్య అనీ, ఆమెను ఒడ్డమన్నది శకుని అనీ వికర్ణుడు వాదిస్తాడు. అతడు కౌరవుడు, దుర్యోధనుడి తమ్ముడు; తరువాత యుద్ధంలో అన్న పక్షానే పోరాడి భీముడి చేతిలో మరణిస్తాడు. అయినా ఆ సభలో అతడన్న మాటకు దానివల్ల ఒక్క వీసం బరువు తగ్గదు. ఇక కర్ణుడి జవాబును ‘స్వయంవరం నాటి పగ’ అని తీసిపారేసేవారిని చూస్తే నాకు విసుగు. సర్వస్వం ఒడ్డినప్పుడే ద్రౌపది కూడా అందులో చేరిందన్నది అతని మొదటి మాట. ఒప్పుకోకపోయినా దానికి సమాధానం చెప్పి తీరాలి. ఆ తరువాత అయిదుగురు భర్తలున్నదని ఆమెను దూషిస్తాడు. అతని వాదానికి ఆ దూషణ అవసరమే లేదు. అవసరానికి మించి మాట్లాడిన ఆ చోటే ఉద్దేశాన్ని వెతకవలసిన చోటు.

అభ్యాసం: కన్యాశుల్కం చివరి అంకంలో వేశ్య మధురవాణి, వకీలు సౌజన్యారావు పంతుల సంభాషణ తీసుకోండి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత ప్రతి అయినా ఫరవాలేదు గాని, 1897 నాటి తొలి కూర్పు కాక 1909 నాటి మలి కూర్పే కావాలి. ఇద్దరి వాదాలనూ పేర్లు లేకుండా ఒక్కో పేజీలో రాయండి. తరువాత పంతులుగారి వాదాన్ని ఆయనకంటే గట్టిగా సమర్థించి, దాన్నే మధురవాణి పక్షాన ఖండించండి. మీరు చెప్పే ప్రతి ఉద్దేశానికీ నాటకంలోని ఒక వాక్యం చూపాలి. ‘స్వార్థం’, ‘కపటం’ అన్న మాటలు వాడిన జవాబులను నేను చదవను. అదే నాటకంలోని రామప్పపంతులు జోలికి ఇప్పుడే వెళ్లకండి. అతనికి ప్రత్యేకంగా ఒక పాఠం కేటాయించాలి.