యూనివర్సిటీ లైబ్రరీలో డిజిటల్ పని - 4వ పాఠం: ఒకే రచయిత, నాలుగు పేర్లు

గత పాఠంలో పాత యాక్సెషన్ రిజిస్టర్‌ను (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుస నంబర్ ఇచ్చి రాసే రిజిస్టర్) ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించాం. ఇక లైబ్రరీ క్యాటలాగ్ నడిపే సాఫ్ట్‌వేర్ కోహాలోకి పంపేద్దామని మీకు తొందరగా ఉండొచ్చు. ఈ ఒక్క పాఠం ఆగండి. షీట్‌లో ఒక కాలమ్ దిద్దడానికి గంట పడితే, అదే తప్పు కోహాలో వేల రికార్డుల్లోకి పాకాక దిద్దడానికి నెలలు పడుతుంది.

ముందు అంకెల సంగతి చూద్దాం. పుస్తకం గుర్తింపు సంఖ్య అయిన 13 అంకెల ఐఎస్‌బీఎన్‌ను ఎక్సెల్ మామూలు సంఖ్య అనుకుని 9.78ఈ+12 అని కుదించి చూపిస్తుంది. అలా కనిపిస్తుండగానే సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేస్తే, ఆ కుదించిన రూపమే ఫైల్లోకి వెళ్తుంది. మిగతా అంకెలను అందులోంచి తిరిగి రాబట్టలేం. 00457 అనే యాక్సెషన్ నంబర్ 457 అయిపోతుంది. 0తో మొదలయ్యే పాత 10 అంకెల ఐఎస్‌బీఎన్‌కూ అదే గతి. అందుకే టైపింగ్ మొదలుపెట్టకముందే ఈ కాలమ్‌లను 'టెక్స్ట్' ఫార్మాట్‌లో పెట్టాలి. సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోండి, లేదంటే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితాలుంటే వాటిని ముందే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో కంటితో చూసుకోండి.

ఇప్పుడు అసలు పని: ఒకే రచయిత పేరు రకరకాలుగా రాసి ఉంటే వాటిని ఒక్కటి చేయడం. ఓపెన్‌రిఫైన్ ఇలాంటి డేటాను శుభ్రం చేయడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. బ్రౌజర్‌లో తెరుచుకున్నా మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, డేటా బయటికి పోదు. మీ అసలు ఫైల్‌ను ముట్టుకోదు, చేసిన ప్రతి మార్పునూ వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి టెన్షన్ లేకుండా ప్రయత్నించండి. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వండి. గడుల్లోని వాటిని అంకెలుగా మార్చే ఆప్షన్‌కు టిక్ ఉంటే తీసేయండి.

రచయిత కాలమ్ మీద 'టెక్స్ట్ ఫేసెట్' నొక్కితే ఎడమవైపు పేర్ల జాబితా వస్తుంది. అందులో గురజాడ అప్పారావు ఒకచోట, 'అప్పారావు, గురజాడ' ఇంకోచోట, 'జి. అప్పారావు' మరోచోట, 'గురజాడ వేంకట అప్పారావు' వేరేచోట కనిపిస్తే ఆశ్చర్యపోకండి. రిజిస్టర్ రాసిన చేతులు మారినప్పుడల్లా పేరు రాసే పద్ధతీ మారింది. ఎమ్మే విద్యార్థి ఒక రూపంతో వెతికితే మిగతా మూడు రూపాల కింద ఉన్న పుస్తకాలు తనకు దొరకవు. లైబ్రరీలో లేవేమో అనుకుని వెళ్లిపోతాడు. పుస్తకం మాత్రం అల్మారాలోనే ఉంటుంది. మన సర్వీసులో ఇంతకన్నా బాధ కలిగించేది ఇంకేముంటుంది?

ఫేసెట్ పైనున్న, ఒకేలాంటి పేర్లను గుంపులుగా చూపే 'క్లస్టర్' బటన్ నొక్కండి. 'కీ కొలిజన్' పద్ధతిలో 'ఫింగర్‌ప్రింట్' ఎంచుకుంటే, అది ప్రతి పేరులోనూ కామాలు, చుక్కలు తీసేసి, మాటలను అక్షరక్రమంలో పేర్చి పోల్చుతుంది. కాబట్టి మొదటి రెండు రూపాలు ఒకే గుంపులోకి వస్తాయి. తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందూ వెనకా అవుతుంటుంది కనుక మనకు బాగా పనికొచ్చే పద్ధతి ఇది. 'శ్రీశ్రీ', 'శ్రీ శ్రీ' మధ్య ఖాళీ తేడాను మాత్రం ఇది పట్టుకోలేదు. దానికి, ఖాళీలు తీసేసి అక్షరాల చిన్న ముక్కలను పోల్చే 'ఎన్-గ్రామ్ ఫింగర్‌ప్రింట్'కు మారాలి.

ఇక యంత్రం ఆగిపోయే చోటు. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు ఒకరేనని ఏ పద్ధతీ చెప్పదు. 'జి. అప్పారావు' గురజాడేనా అన్నది పుస్తకం తీసి టైటిల్ పేజీ చూస్తేగానీ తేలదు. ఇంకా ప్రమాదకరమైనది, ఇద్దరిని ఒకరిగా కలిపేయడం. కెమిస్ట్రీ పుస్తకం రాసిన పి. లక్ష్మి, కథలు రాసిన పి. లక్ష్మి వేర్వేరు మనుషులు కావచ్చు. అక్షరాలు అచ్చంగా ఒకటే కనుక సాఫ్ట్‌వేర్‌కు అనుమానం రాదు, మీకు రావాలి. అందుకే అన్ని గుంపులకూ ఒకేసారి టిక్ పెట్టేయకండి. ఒక్కొక్కటీ చదివి, నమ్మకం కుదిరినవే కలపండి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల శిక్షణలో బటన్లు నేర్పుతారు. ఈ విచక్షణ ఏళ్ల తరబడి పుస్తకాల మధ్య మెలిగిన మీకే ఉంటుంది.

కంటికి కనపడని చిక్కు ఇంకొకటి ఉంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట్ కింద వ ఒత్తు పడకుండా జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు వేస్తాం. ఒక వరుసలో అది ఉండి, ఇంకో వరుసలో లేకపోతే, రెండూ వేర్వేరు మాటలుగా లెక్కకు వస్తాయి. శీర్షికల కాలమ్‌కు నకలు తీసి, పోలిక కోసం ఆ నకలులో మాత్రమే ఆ గుర్తును తీసేయండి. అసలు కాలమ్‌లో తీసేస్తే పేరు 'సాఫ్ట్వేర్' అయిపోతుంది.

అభ్యాసం: మీ షీట్‌లో తెలుగు విభాగం నుంచి 200 వరుసలు వేరు చేసుకోండి. ఫింగర్‌ప్రింట్‌తో మొదలుపెట్టి, తర్వాత ఎన్-గ్రామ్‌తో గుంపులు చూడండి. కలిపిన ప్రతి జంటనూ, అనుమానంతో వదిలేసిన ప్రతి పేరునూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. 5వ పాఠంలో కోహా అథారిటీ రికార్డులు (ఒక రచయిత పేరు రూపాలన్నిటినీ ఒకచోట కట్టే రికార్డులు) తయారుచేస్తాం. ఎంచుకున్న రూపం ఆ రికార్డులో 100 అనే ట్యాగ్‌లోకి (నంబర్ ఉన్న గడిలోకి), మిగతా రూపాలు 400 ట్యాగ్‌లోకి వెళ్తాయి. ఆ నోట్‌బుక్ పక్కనే పెట్టుకుని కూర్చోండి.