సార్వా (ఖరీఫ్) ముందు ఇంజను విప్పేవాళ్లకి: పానా జాగ్రత్తలు

ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్లొదిలే రోజులొస్తున్నాయి. ఆయిలింజన్లు, టిల్లర్లు విప్పే ముందు ఇవి చూసుకోండి.

– బిగుసుకున్న నట్టుకి వదులు పానా వద్దు. అది నట్టు మూలల్నే పట్టుకుంటుంది, జారిందా మూలలు గుండ్రమైపోతాయి. ఆ తర్వాత ఉలి, లేదా వెల్డింగ్ షాపు. బలం పెట్టేముందు పానాని అటూ ఇటూ ఆడించండి. టకటకమని ఆడితే అది దాని సైజు కాదు.

– పాత ఇంజన్లకి అంగుళాల నట్లుంటాయి. అరంగుళం అంటే 12.7 మి.మీ. 13 పానా దూరుతుంది గానీ వదులుగా ఉంటుంది, అదే మోసం. ముప్పావు అంగుళం 19.05, దానికి 19 పానా దాదాపు సరిపోతుంది.

– పానా వదులైందని నట్టుకీ దానికీ మధ్య సందులో హాక్సా బ్లేడు ముక్క పెట్టకండి. నేనూ పెట్టాను, బొటనవేలి మచ్చ ఇంకా ఉంది.

– పానా దూరకపోతే సుత్తితో కొట్టకండి, నోరు విచ్చుకుంటుంది. చెరువుల దగ్గర ఉప్పుగాలికి నట్టు తుప్పు పొరలు కడుతుంది. వైరు బ్రష్షుతో గీకితే చాలాసార్లు అదే దూరుతుంది.

– మొండి నట్టుకి ముందు రింగు పానా (నట్టుని చుట్టూ పట్టుకునేది), ఆరు మూలలదైతే మరీ మంచిది.

– స్క్రూ స్పానరే (మర తిప్పి నోటి సైజు మార్చుకునే పానా) గతైతే నట్టుకి బిగించాక, బలం కదలని దవడ మీద పడేలా తిప్పండి.