గోడకి డ్రిల్ పెడితే ఇల్లంతా దుమ్మేనా?

దుమ్ము లాగే అటాచ్‌మెంట్ మన ఇళ్లలో ఉండే మామూలు డ్రిల్‌కి సాధారణంగా రాదు, కాబట్టి మార్కు పెట్టిన చోటికి అంగుళం కింద ఒక పాత కవరుని నోరు తెరిచి మాస్కింగ్ టేపుతో అంటించండి, చాలావరకు అందులోనే పడుతుంది. పక్కన ఇంకో మనిషి ఉంటే వాక్యూమ్ క్లీనర్ పైపుని బిట్ (డ్రిల్ ముందు తిరిగే పుల్ల) పక్కనే పట్టుకోమనండి, నా లెక్కలో ఇదే బెస్ట్. సీలింగ్‌కైతే పెరుగు డబ్బా అడుగున కన్నం చేసి బిట్‌కి తొడగండి.

కాంక్రీటు దుమ్ములో సిలికా (ఊపిరితిత్తులకి హాని చేసే సన్నటి ఇసుక పొడి) ఉంటుంది, కర్చీఫ్‌కి ఆగదు, ఎన్95 మాస్కు, కళ్లకి సేఫ్టీ గ్లాసెస్ ఉండాల్సిందే.

కన్నంలో మిగిలిన పొడిని నోటితో ఊదకండి (నేను ఊది అరగంట కళ్లు కడుక్కున్నా), వాక్యూమ్‌తోనే లాగేయండి. పొడి ఉండిపోతే స్క్రూ పట్టుకోడానికి కన్నంలో పెట్టే 6 ఎంఎం ప్లాస్టిక్ ప్లగ్ పూర్తిగా దిగదు, స్క్రూ వదులుగా ఆడుతుంది.