పాల లెక్కతో పైథాన్: సున్నా నుంచి ఉద్యోగం దాకా

ఆరు నెలలు ప్రోగ్రామింగ్ కోచింగ్ తీసుకుని, సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటర్వ్యూకి వస్తారు. ఖాళీ ఫైల్ తెరిచి ఇచ్చి, "ఈ లిస్టులో రెండుసార్లు వచ్చిన పేర్లు ఏవో చూపించండి" అంటాను. చెమటలు పడతాయి. వచ్చేవాళ్లకి తెలివి తక్కువేం కాదు. గట్టు మీద కూర్చుని ఈత చూశారు, నీళ్లలోకి దిగలేదు, అంతే. ఇంటర్వ్యూలు చేసి చేసి, కొత్తగా చేరినవాళ్లకి నేర్పి నేర్పి, ఇదే చెప్పి విసిగిపోయాను. అందుకే ఒకసారి రాసి పెడుతున్నా.

నేర్చుకోవాల్సిన ప్రోగ్రామింగ్ భాష పైథాన్. దీని మీద నాతో వాదించొద్దు. జావాకి బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో ఇప్పటికీ గిరాకీ ఉంది, నిజమే. కానీ ఎక్కువమంది నేర్పే పద్ధతిలో మొదటి రోజే స్క్రీన్ మీద ఒక్క మాట కనిపించడానికి పబ్లిక్, స్టాటిక్, వాయిడ్ అని అర్థం తెలియని మంత్రాలు చదవాలి. "ముందు సి భాష వస్తేనే పునాది" అనే పెద్దలు కూడా ఉంటారు. ఆ పునాదిలోనే, మెమరీ చిరునామాలతో పనిచేసే పాయింటర్ల దగ్గర కూరుకుపోయి మానేసిన వాళ్లని నేను చాలామందిని చూశాను. ఒక భాష గట్టిగా వస్తే రెండోది రెండు నెలల పని.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ చాలు, సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు. ఫోన్లో నేర్చుకుంటాననొద్దు. పైథాన్ 3ని వాళ్ల సొంత సైట్ నుంచే దించుకోండి. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "పాత్"కి జతచేయమనే చిన్న గడి ఒకటి కింద కనిపిస్తే, దానికి టిక్ పెట్టండి. కోడ్ రాయడానికి వీఎస్ కోడ్ అనే ఎడిటర్. ఒక రూళ్ల నోటు పుస్తకం, పెన్ను కూడా తప్పనిసరి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల అడ్డా అయిన అమీర్‌పేటలో జిరాక్స్ నోట్సు కొంటే ఒక్క విషయం చూసుకోండి. ప్రింట్ అనే మాట తర్వాత బ్రాకెట్ లేకపోతే అది పైథాన్ 2 నోట్సు. దానికి 2020 జనవరి 1తోనే కాలం చెల్లింది. నేను ఫీజు కట్టిన చోట సారు అలాంటి నోట్సే డిక్టేషన్ చెప్పారు. నా డబ్బు పోయింది, మీది కాపాడుకోండి.

మొదటి ఆరు వారాలు

రోజూ రెండు గంటలు, పొద్దున్నే. వేరియబుల్స్, ఇఫ్, ఫర్ లూప్, లిస్టు, డిక్షనరీ, ఫంక్షన్, ఫైల్ చదవడం, రాయడం. ఈ ఏడూ వస్తే చాలు. క్లాసులు, ఆబ్జెక్టులు తర్వాత చూడొచ్చు. ఏదో ఒక్క కోర్సు పట్టుకోండి, తెలుగులో ఉన్నా సరే. నాలుగు కోర్సులు మొదలుపెట్టి నాలుగింటిలోనూ మూడో పాఠం దగ్గర ఆగడం మనవాళ్లకి బాగా అలవాటు. వీడియోలో కనిపించిన ప్రతి లైనూ మీ వేళ్లతో టైప్ చేయాలి, కాపీ పేస్టు కుదరదు. ఇంతవరకూ అందరూ బాగానే వస్తారు.

అసలు గండం: ఖాళీ ఫైలు

ఏడో వారం వీడియో ఆపేయండి. ఏఐ టూల్స్ కూడా మూడు నెలలు ముట్టుకోవద్దు. ఉద్యోగంలో చేరాక రోజూ వాడతారు, నేనూ వాడతాను. కానీ అది ఇచ్చింది తప్పో ఒప్పో చెప్పగలిగే వాడికే అది పనిముట్టు. మొన్నామధ్య ఒకబ్బాయి ఇంటి దగ్గర చేసి తెమ్మన్న పరీక్షని అద్భుతంగా చేసి పంపాడు. "ఇందులో పన్ను 5 శాతం బదులు 12 శాతం చేయండి" అంటే ఆ లైను ఎక్కడుందో పావుగంట వెతికాడు.

ఇప్పుడు ఇంట్లో క్యాలెండర్ తెండి. నెలంతా పాలు ఎన్ని పోయించుకున్నారో అమ్మ దాని మీద రాసే ఉంటుంది. ఆ నెల పాల బిల్లు లెక్కగట్టడమే మీ మొదటి ప్రోగ్రామ్. నవ్వకండి. కాలేజీల్లో డబ్బిచ్చి కొనుక్కునే లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టుల్లో లేని చిక్కులన్నీ ఇందులో ఉన్నాయి.

ముందు కంప్యూటర్ మూసేసి, నోటు పుస్తకంలో చేత్తో లెక్క కట్టండి. కట్టేటప్పుడు ఏం చేశారో వరసగా తెలుగులో రాయండి. "తేదీ చూశాను. ఎన్ని లీటర్లో చూశాను. ధరతో గుణించాను. ముందున్న మొత్తానికి కలిపాను. పాలు రాని రోజు వదిలేశాను." ఈ అయిదు వాక్యాలే ప్రోగ్రామ్. పైథాన్‌లోకి మార్చడం గుమాస్తా పని. చాలామంది ఈ పేజీ రాయకుండా నేరుగా కీబోర్డు మీద పడి, "లాజిక్ రావట్లేదు సార్" అంటారు. లాజిక్ ఎక్కడినుంచో రాదు, ఆ కాగితం మీదనుంచే వస్తుంది.

ఇక టైప్ చేయండి. అయిదు లైన్లు రాసి నడపండి, మళ్లీ అయిదు రాసి నడపండి. యాభై లైన్లు రాసి ఒకేసారి నడిపితే తప్పు ఎక్కడుందో బ్రహ్మకి కూడా తెలియదు.

ఎర్ర అక్షరాలు వస్తాయి, రాకపోతేనే నాకు అనుమానం. టెన్షన్ పడి వెంటనే గూగుల్‌లోకి పరిగెత్తకండి. పైథాన్ ఎర్రర్‌ని కింద నుంచి పైకి చదవాలి. అన్నిటికంటే కింద లైన్లో జబ్బు పేరు ఉంటుంది. నేమ్‌ఎర్రర్ అంటే మీరు వాడిన పేరు దానికి తెలియదు, తొంభై పాళ్లు స్పెల్లింగే. కీఎర్రర్ అంటే డిక్షనరీలో లేనిది అడిగారు. దాని పైన లైన్ నంబరు ఉంటుంది. ఆ రెండూ చూసి, ఏమైందో బయటికి తెలుగులో ఒక్క వాక్యం చెప్పండి. ఆ తర్వాత కూడా అరగంట మీరే తంటాలు పడండి. గూగుల్‌లో వెతుకులాట ఆ తర్వాతే. ఇంకో మాట, ప్రాక్టీసు ఫైలుకి ర్యాండమ్ అని పేరు పెట్టొద్దు. పైథాన్‌తో పాటు వచ్చే ర్యాండమ్ అనే ఫైలు బదులు మీ ఫైలే తెరుచుకుని, రోజంతా పిచ్చెక్కిస్తుంది.

ఎర్రర్ వచ్చిందంటే ఒకరకంగా అదృష్టమే. ఎర్రర్ లేకుండా తప్పు జవాబు రావడమే అసలు ప్రమాదం. లీటరు ధర 62 అని ప్రోగ్రాంలో రాసి, ఎన్ని లీటర్లని అడిగి, 1 కొట్టి చూడండి. 62 వస్తుందనుకుంటారు. స్క్రీన్ మీద అరవై రెండు ఒకట్లు వరసగా పడతాయి. ఎందుకంటే ఇన్‌పుట్‌తో తీసుకున్నది ఏదైనా పైథాన్‌కి అక్షరమే, అంకె కాదు. అక్షరాన్ని 62తో గుణిస్తే అన్నిసార్లు రాసి పెడుతుంది. దాని తప్పేం లేదు, అంకెగా మార్చమని మీరు చెప్పలేదు.

అది దాటాక మూడు పావుల లెక్క వస్తుంది. ముప్పావు లీటరు 62 చొప్పున 46.5 రూపాయలు. రౌండ్ చేయమంటే 47 రావాలి కదా? 46 వస్తుంది. ధర 66 అయితే 49.5ని మాత్రం 50 చేస్తుంది. సరిగ్గా సగం దగ్గర పైథాన్ దగ్గరున్న సరిసంఖ్య వైపు జరుగుతుంది. ఈ సంగతి తెలియక బిల్లు కడితే పాలబ్బాయితో గొడవే. అలాగే 0.1కి 0.2 కలిపి చూడండి, 0.3 తర్వాత బోలెడు సున్నాలు, చివర్లో ఒక 4 తోక వస్తుంది. డబ్బు లెక్కకి, ఇలాంటి తోకలు రాకుండా పైథాన్‌లోనే ఉన్న డెసిమల్ వాడాలని ఏ పాఠంలోనో చదివితే మర్చిపోతారు. అర్ధరూపాయి తేడా వచ్చి రాత్రి పదకొండింటి దాకా వెతికితే మర్చిపోరు.

ఇప్పుడు 16వ తేదీన ధర పెరిగిందనుకోండి. పండక్కి రెండు లీటర్లు ఎక్కువ పోయించుకున్నారు. ఇవి ఈ నెల లిస్టులో మార్చాలి. పోయిన నెల లిస్టుని ఈ నెలకి "సమానం" పెట్టి కాపీ చేసుకుంటే, ఈ నెలలో మార్చినదల్లా పోయిన నెలలోనూ మారిపోతుంది. అక్కడ కాపీ జరగలేదు, ఒకే లిస్టుకి రెండు పేర్లు పెట్టారు. ఇంటర్వ్యూలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది.

అంతా పనిచేశాక వారం ఆగండి. పాత ఫైలు చూడకుండా, ఖాళీ ఫైలులో మొత్తం మళ్లీ రాయండి. ఇది ఎవరూ చేయరు. "వచ్చేసింది కదా సార్" అంటారు. రెండోసారి ఎక్కడ చెయ్యి ఆగుతుందో అక్కడే మీకు రాలేదు. ఇదే పద్ధతిలో చీటీ పాట లెక్క, ఇంటి కరెంటు బిల్లు స్లాబులు చేయండి. ఈ ఒక్క మెట్టుకి రెండు నెలలు పట్టినా తొందరపడొద్దు.

మిగతావి

కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ గుర్తుంచుకునే గిట్ వారంలో వస్తుంది. లైనక్స్ చేసిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీన్నీ చేశాడు. రోజూ మీ పని కమిట్ చేస్తే, అంటే అందులో భద్రం చేస్తే చాలు. డేటాబేస్‌ని ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్‌కి నెల ఇవ్వండి. అందులో పట్టికలు కలిపే జాయిన్, గుంపులుగా లెక్కకట్టే గ్రూప్ బై రాకుండా ఉద్యోగాలకి అప్లై చేయొద్దు. తర్వాత పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్లాస్క్ తీసుకుని పాల లెక్కని వెబ్‌లో పెట్టండి, అదే పనికి ఇంకా పెద్దదైన జాంగో ఆ తర్వాతే. ఇంట్లోవాళ్ల చేత వాడించండి. మా నాన్న లీటర్ల గడిలో "అర" అని కొట్టారు, ప్రోగ్రామ్ అక్కడే పడిపోయింది. అలా పడిపోయిన ప్రతిసారీ, అదే తప్పు మళ్లీ వస్తే పట్టుకునే చిన్న కోడ్, అంటే ఒక టెస్టు రాసుకోండి.

రోజుకి రెండు గంటల లెక్కన ఇదంతా తొమ్మిది నెలలు. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ బోర్డులు మూడు నెలలంటాయి, బోర్డుకి ఏం పోయింది.

రెజ్యూమె ఒక్క పేజీ. రెండు ప్రాజెక్టులు చాలు, ప్రతి లైనూ మీరు రాసిందే అయ్యుండాలి. మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకోమని ఎవరో ఒకరు చెప్తారు. మీ పీఎఫ్ ఖాతాలన్నిటినీ కలిపే యూఏఎన్ నంబరు చూస్తే ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో బయటపడుతుంది, చేరాక కూడా తీసేస్తారు. బ్యాక్‌డోర్ జాబ్ అని లక్షలు అడిగే వాళ్ల ఫోను ఎత్తకండి.

ఇంటర్వ్యూలో ఆలోచించేది పైకి చెప్తూ రాయండి. మౌనంగా కూర్చుంటే మీకు ఎంత వచ్చో అవతలివాళ్లకి తెలియదు. బయటికొచ్చాక బస్సెక్కే లోపే, అడిగిన ప్రశ్నలన్నీ ఆ రూళ్ల పుస్తకంలో రాసుకోండి. రానివి ఆ రాత్రికే చేయండి. మర్నాటికి సగం మర్చిపోతారు, పై వారం ఇంకో చోట అవే అడుగుతారు.