హోస్టింగ్ తీసుకునే ముందు రెన్యువల్ ధర చూడండి

బరంపురంలో మా బావ పట్టుచీరల కొట్టుకి వెబ్‌సైట్ పెట్టించాడు. మొదటి ఏడాది హోస్టింగ్, అంటే సైట్‌ని నెట్‌లో ఉంచే సర్వర్ అద్దె, చవగ్గానే వచ్చింది. రెండో ఏడాది బిల్లు చూసి గుండె గుభేలుమంది, దాదాపు మూడింతలు! షరతుల్లో ముందే రాసి ఉంది, చదవలేదంతే.

అందుకే డబ్బు కట్టేముందు రెన్యువల్ ధర ఎంతో, ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అంతకన్నా ముఖ్యం, డొమైన్ (సైట్ చిరునామా) ఎవరి పేరున రిజిస్టర్ అయిందన్నది. సైట్ చేసిన కుర్రాడి పేరున ఉంటే రేపు వేరే కంపెనీకి మారాలన్నా, ట్రాన్స్‌ఫర్‌కి కావాల్సిన ఆథ్ కోడ్ (పాస్‌వర్డ్ లాంటిది) తీసుకోవాలన్నా అతని చుట్టూ తిరగాలి. డాట్ కామ్ అయితే కొత్తగా కొన్న 60 రోజుల దాకా మామూలుగా మార్చనివ్వరు కూడా.

హోస్టింగ్ కంపెనీ '99.9 శాతం అప్‌టైమ్' (సైట్ నడిచే సమయం) అని మాటిస్తే, నెలకి సుమారు 43 నిమిషాలు సైట్ ఆగినా మాట తప్పనట్టే. 99 శాతమైతే ఏడు గంటలు పైనే. మాట తప్పితే ఏమిస్తారో చూడండి, చాలాచోట్ల నగదు కాదు, తర్వాతి బిల్లులో కాస్త తగ్గింపు.

ఇంటర్నెట్ కనెక్షన్‌కైతే 'అన్‌లిమిటెడ్' పక్కన ఉండే చుక్క గుర్తు (*) తాలూకు షరతు చదవండి. ఎన్ని జీబీల తర్వాత స్పీడ్ ఎంతకి పడిపోతుందో అక్కడే ఉంటుంది.