నీడలో పెరిగిన జీడి అంట్లను ఎండకు అలవాటు చేయండిలా

పలాస, ఉద్దానం వైపు ఈ వానలకు జీడి అంట్లు నాటేవాళ్లు ఒక్క పని మరవకండి. షేడ్ నెట్ కింది నుంచి తెచ్చిన మొక్కను ఆ రోజే ఎండలో పాతేయొద్దు. నీడలో పుట్టిన ఆకు పలచగా ఉంటుంది. తక్కువ వెలుగును ఒడిసిపట్టడానికి దాంట్లో పత్రహరితం అమరిక వేరేగా ఉంటుంది. అంత వెలుగు ఒక్కసారి పడితే వాడుకోలేదు, మిగిలిన శక్తి ఆకునే దెబ్బతీస్తుంది. మర్నాటికో రెండ్రోజులకో ఆకు నడిమధ్య తెల్లగా పాలిపోతుంది. పై ఆకు నీడ పడిన చోట మాత్రం పచ్చగా మిగులుతుంది, ఆ అచ్చు చూస్తే ఇది ఎండదెబ్బేనని తెలిసిపోతుంది. చాలామంది నీళ్లు చాల్లేదనుకుని తెగ పోస్తారు, వేరు కుళ్లుతుంది.

అందుకే నాటే ముందు మొక్కకు కొంచెం కొంచెంగా ఎండ తగలనివ్వండి: మొదటి 3 రోజులు పొద్దున 9 దాకా, తర్వాత 4 రోజులు 11 దాకా, ఇంకో 4 రోజులు మధ్యాహ్నం దాకా. ఆపైన నాటండి. అంటు కట్టిన చోటు నేలకు 5 సెంటీమీటర్లు పైనే ఉండాలి. పడమర పక్కన రెండు కొబ్బరి కమ్మలు గుచ్చండి. పాత ఆకు ఇక మందం కాదు, ఎండకు తగ్గ ఆకు కొత్త చిగురులోనే వస్తుంది. అది ముదిరాకే కమ్మలు తీయండి. సగం మాడిన ఆకుల్ని తుంచకండి, పచ్చగా ఉన్న సగం ఇంకా మొక్కకు తిండి పెడుతూనే ఉంటుంది.