అమెరికా బాత్రూంలో చెంబుతో నీళ్ళు పోసేముందు

మన నెల్లూరు, ఒంగోలు ఇళ్ళలో బాత్రూం అంటే నీళ్ళు కొట్టి కడిగే చోటు. కింద స్లాబు, దాని మీద కడప బండో టైల్సో, వాలు తూము వైపుకి. ఎన్ని బకెట్లు కుమ్మరించినా చీపురుతో తోస్తే పోతాయి. ఇక్కడ చాలా ఇళ్ళు చెక్కవి, టబ్బు బయట తూము ఉండదు. టైల్స్ కింద ఉండేది సబ్‌ఫ్లోర్ అనే ప్లైవుడ్ చెక్క, దాని కింద సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున చెక్క దూలాలు. నీళ్ళు దిగాయంటే ఆ చెక్క ఉబ్బి కుళ్ళిపోద్ది.

కాబట్టి స్నానం టబ్బులోనే, కర్టెన్ అంచు టబ్బు లోపలికి వేసి. కమోడ్ పక్కన హెల్త్ ఫాసెట్ పెట్టుకుంటే వాడిన ప్రతిసారీ దాని వాల్వు కట్టేయండి.

కావలి నుంచి అమ్మ వచ్చినప్పుడు రోజూ నాలుగు చెంబులు పోసి కడిగేది. కింద హాల్లో సీలింగ్‌కి మరక పడేసరికి ఆమె మీదే విసుక్కున్నా. "నాలుగు చెంబులకే కుళ్ళిపోయేదేం ఇల్లురా?" అంది. తీరా కమోడ్ ఎత్తి చూస్తే గోడల వార చెక్క బాగానే ఉంది, మురుగు పైపు చుట్టూ మాత్రం నల్లగా ఉంది. స్క్రూడ్రైవర్ నానిన అటుకుల్లోకి దిగినట్టు దిగింది. కమోడ్ ఊగుతోందని నేనే అంతకుముందు కింద అట్టముక్క దోపి ఊరుకున్నా. ఆ ఊపుకి, కమోడ్‌కీ పైపుకీ మధ్య కారకుండా అడుగునుండే మైనం రింగు వదులై, ఫ్లష్ చేసినప్పుడల్లా కారింది. ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నా.

అద్దె ఇల్లయితే ఊగడం కనపడగానే ఫోటోలు తీసి ఓనరుకి ఈమెయిల్ పెట్టండి, మీరు చెయ్యి పెట్టొద్దు. సొంతిల్లయితే చేసుకోవచ్చు. 1980కి ముందు కట్టినదైతే నేలకి అంటించిన పాత వినైల్ (ప్లాస్టిక్ షీటు) పీకేముందు అందులో ఆస్బెస్టాస్ అనే, ఊపిరితిత్తులకి హాని చేసే నార ఉందేమో పరీక్ష చేయించాలి. దూలమే కుళ్ళితే మేస్త్రీ పని.

నీళ్ళ వాల్వు కట్టి, ఫ్లష్ చేసి, మిగిలిన నీళ్ళు స్పాంజితో పిండెయ్యండి. రెండు నట్లూ విప్పి ఇద్దరు పట్టి ఎత్తండి. పైపు నోట్లో గుడ్డ కుక్కాలి, లేకపోతే మురుగు గ్యాసు ఇంట్లోకొస్తుంది. మెత్తబడిన చెక్కనంతా దూలం నడిమధ్య దాకా కోస్తేనే కొత్త ముక్క అంచుకి ఆనిక దొరుకుద్ది. దూలం లేని వైపు అడ్డకర్ర బిగించండి. ఫ్యాను పెట్టి కింద పూర్తిగా ఆరాకే, పాతదంత మందం ప్లైవుడ్ స్క్రూలతో వెయ్యాలి. తడి ఒకటి రెండు రోజులు నిలిస్తే చాలు, బూజు పడుతుంది.

పైపు చుట్టూ ఉండే ఫ్లాంజి, అంటే కమోడ్‌ని బిగించే చక్రం, కొత్త టైల్స్ మీదికి రావాలి, స్క్రూలు చెక్కలోకి గట్టిగా దిగాలి. అది లోతుకి దిగిపోతే ఎంత మంచి రింగయినా కారుద్ది. కుక్కిన గుడ్డ తీసి, కొత్త మైనం రింగు పెట్టి, కమోడ్‌ని నిటారుగా దించి మీద కూర్చోండి. ఒకసారి నలిగాక మళ్ళీ ఎత్తారంటే ఆ రింగు పారేసి ఇంకోటి తేవాల్సిందే. నట్లు ఇటో చుట్టు, అటో చుట్టు. బలం చూపిస్తే పింగాణీ పగులుద్ది. ఇంకా ఊగితే సందులో దోపే ప్లాస్టిక్ షిమ్ములు పెట్టండి, అట్టముక్కలు కాదు.

నాలుగైదు సార్లు ఫ్లష్ చేసి, చుట్టూ టిష్యూ కాగితం నొక్కి చూడండి. తడి లేకపోతే ముందూ పక్కలా సిలికాన్ పట్టించండి. వెనకవైపు వదిలెయ్యండి, మళ్ళీ కారితే నీళ్ళు అక్కణ్ణించి బయటికొచ్చి మీ కంటపడాలి.